నల్ల చోళ్ళు

కొండవాళ్ళ వ్యాను వచ్చేసరికి సరోజ పెరట్లో బూడిద పెట్టి చేపలు తోముతోంది. మే నెల. తొమ్మిదింటికే గచ్చు కాలిపోతోంది. చెయ్యి కడుక్కుని, కొంగు నెత్తిమీదికి లాక్కుని వీధివైపు వచ్చి నిలబడింది.

పదకొండుమంది దిగారు. పాడేరు అవతల కొండమీద పద్నాలుగిళ్ళ ఊరట వాళ్ళది. అక్కడ వానలు అదను తప్పాయి. నాట్లప్పుడు కురవదు, కోతలప్పుడు కురుస్తుంది. మారిన వాతావరణాన్ని తట్టుకుని పంట తీయడం ఎలాగో కొండరైతులకు నేర్పడానికి తెనాలిలోని సంస్థ ఆరు రోజుల శిక్షణ పెట్టింది. అసలైతే అది కొండమీద జరగాలి. కానీ శుక్రవారం చూడటానికి వచ్చే విదేశీ అతిథులకు కొండెక్కే ఓపిక లేదు, అంత తీరికా లేదు. అందుకని కొండవాళ్ళనే బాపట్లకి దింపారు. సముద్రానికి వెళ్ళే రోడ్డుమీద సంస్థకో రెండంతస్తుల భవనం ఉంది. సరోజ అందులో వంటమనిషి.

అందరికన్నా చివర దిగినామె దగ్గర రెండు సొరబుర్రలున్నాయి. మూతులకి గుడ్డ కట్టి, తాడుతో మెడలో వేసుకుంది. యాభై అయిదేళ్ళుంటాయి. చెంపల మీద పచ్చబొట్టు గీతలు. కో-ఆర్డినేటర్ వినోద్ కుమార్ అందుకోబోతే ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇలా ఇవ్వమ్మా, విత్తనాలేగా. రాసుకుని లోపల పెడతాం."

"ఎప్పుడిత్తారు మల్ల?"

"వెళ్ళే రోజు. టెస్టు చేయించి, పురుగు పట్టకుండా మందు కలిపి ఇస్తామని మీ ఊళ్ళోనే చెప్పాం కదా."

ఆమె తాడు మెడలోంచి తీసింది. బుర్రల్ని అతని చేతుల్లో పెట్టాక కూడా తాడు కొస కాసేపు పట్టుకునే ఉంది.

ఆ సాయంత్రం వినోద్ పెద్ద ప్లాస్టిక్ బేసిను వంటింటి గచ్చుమీద దించాడు. నిండా చోళ్ళు, అంటే రాగులు. బజార్లో దొరికే ఎర్రటివి కావు. నేరేడుపండు రంగు.

"సరోజక్కా, శుక్రవారానికి రాగి మాల్టు కావాలి. మొలక కట్టించి చెయ్యమన్నారు సారు. మన ఆఫీసులవాళ్ళతో కలిపి అరవై మందికి గ్లాసుల్లోకి పోగా, అందరికీ తలో ప్యాకెట్టు. అందుకని మొత్తం పోసెయ్."

"ఎక్కడివి బాబూ ఇవి?"

"స్టోర్లోవి."

స్టోరు తాళం సరోజ నడుముకే ఉంది. స్టోర్లో చోళ్ళు లేవు. అయినా ఆమె ఇంకేమీ అడగలేదు. గింజల్ని మూడు నీళ్ళు కడిగి, ఇసుక గాలించి, తేలిన పొట్టు వంచేసి నానబోసింది.

మంగళవారం పొద్దున నీళ్ళు వార్చి, పాత పంచెలు రెండు తడిపి పిండి, గింజల్ని నాలుగు మూటలు కట్టి స్టోర్లో చీకట్లో వేలాడదీసింది. కింద గిన్నెలు పెట్టింది. పైన మేడమీది హాల్లో పాఠం మొదలైంది. ఫ్యాన్ల చప్పుడులో ఎవరో మైకులో మాట్లాడుతున్నారు.

పది దాటాక పచ్చబొట్ల ఆమె వంటింటి వెనక గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది.

"ఆ గదిలో ఊపిరాడ్డం నేదు సెల్లీ. గోడమీద బొమ్మలేసి సూపుతున్నారు. నాకేటీ తెలీదు." కత్తిపీట దగ్గరికి లాక్కుని, అడక్కుండానే గోరుచిక్కుళ్ళ ఈనెలు తీయడం మొదలుపెట్టింది. పేరు బుద్రి అని చెప్పింది.

"ఎండకి అలవాటు లేదు కదక్కా మీకు. మజ్జిగ తాగండి."

తాగి మొహం అదోలా పెట్టింది. "మీ నీళ్ళు ఉప్పగున్నాయి."

"ఇక్కడ బోర్లన్నీ అంతేనండి. సముద్రం లోపలికొచ్చేస్తోంది."

"మాకు వాన, మీకు సముద్రం" అంది బుద్రి. ఈనె తీసిన చిక్కుళ్ళు పక్కకి పెట్టింది. "రెండేళ్ళై కోతలకాడ తుపాను వానే. ఊరందరి చోడిచేలు పడిపోనాయి. పడిన ఎన్ను పడినట్టే మొలిసిపోనాది. నా చేను నిలబడ్డాది. మా అత్త కాడి ఇత్తనం అది. నల్లగుంటాది. పొడుగు కర్ర, గట్టి కర్ర. అందరూ ముసిలిదాని ఇత్తనం అని నవ్వినారు. ఇప్పుడు పద్నాలుగిళ్ళూ అదే ఎయ్యాలని కూకున్నాయి."

సరోజ పొయ్యిమీద పప్పు కలుపుతున్న గరిటె ఆపింది.

"ఇంట్లో కాస్త ఉంచుకుని వచ్చారా అక్కా?"

"నేదు. అంతా తెమ్మన్నాడు సారు. కొంత పరీచ్ఛ సేసి కొంత సెయ్యకపోతే ఎలాగన్నాడు. ఏటి, నల్లగుంటాదంటే నమ్మవా? ఎల్లే రోజు సూపిత్తాను."

సరోజ తలూపింది. గుమ్మానికి ఆరడుగుల దూరంలో స్టోరు తలుపు. లోపల మూటల నుంచి నీటిచుక్కలు గిన్నెల్లో పడుతున్న చప్పుడు ఆమెకి వినిపిస్తోంది. బుద్రి చిక్కుళ్ళన్నీ అయ్యేదాకా కూర్చుంది. పొయ్యిమీద పప్పు అడుగంటింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సరోజ మేడెక్కి డైరెక్టరు గదిముందు నిలబడింది. ప్రకాశం గారు లోపలికి రమ్మన్నాడు. తెల్లచొక్కా, మెత్తటి గొంతు. ఎవర్నీ కసరడు.

"సార్, ఆ చోళ్ళు వాళ్ళ విత్తనాలండి. అంతా అవేనంట. ఊళ్ళో గింజ లేదంట."

"తెలుసమ్మా. గెస్టులకి బజార్లో రాగులు తాగించి కొండ పంటని చెప్తామా? అబద్ధం చెప్పకూడదు మనం. వాళ్ళ పంటే తాగించాలి. రుచి చూస్తేనే నమ్ముతారు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వాళ్ళకి అంతకన్నా మంచి విత్తనం, కంపెనీది, ప్యాకెట్లు తెప్పించాను. పాతగింజ పట్టుకుని వేళ్ళాడితే ఎక్కడికి వెళ్తారు?"

"మొలకకి మూటలు కట్టేశానండి. ఇంకా మొలక రాలేదు. ఇప్పుడైనా ఆరబోస్తే..."

"నానిన గింజ నానిందే కదమ్మా." నవ్వాడు. "జెస్సీ ఎలా ఉంది? మన తెనాలి ఆఫీసులో కంప్యూటర్ దగ్గర బాగానే కుదురుకుందని విన్నాను. ఇంకా నెల కాలేదు కదూ? పర్మినెంటు సంగతి వచ్చేవారం చూస్తాను."

జెస్సీ సరోజ కూతురు. సరోజ "అవునండి" అంది. మెట్లు దిగింది.

బుధవారం తెల్లారి స్టోరు తలుపు తీసింది. మూటలు ఉబ్బి గట్టిగా ఉన్నాయి. ఒకదాని ముడి విప్పింది. వెచ్చటి ఆవిరి మొహానికి తగిలింది. గింజ గింజకీ తెల్లటి తోక. ముప్పయ్యేళ్ళుగా మొలకలు కడుతోంది ఆమె. బజారు గింజ ఎంత మంచిదైనా పిడికెడులో పదో ఇరవయ్యో గుడ్డిగా ఉండిపోతాయి. అరచేతిలో పోసుకుని వేలితో విడదీసి చూసింది. ఒక్కటి కూడా గుడ్డిది లేదు.

రేపల్లె చుట్టుపక్కల చేలల్లో ఆమె చిన్నప్పటి నుంచి నారు పోసింది. ఇదే మొలక. ఈ పూట తడినేల మీద చల్లితే రేపటికి వేరు పట్టుకుంటుంది. కానీ వాళ్ళ కొండ ఒకరోజు రైలు, సగంరోజు బస్సు, ఆపైన నడక. ఆమె ఒక దోసెడు తీసి, పెరట్లో తూము పక్కన చేత్తో మన్ను గుల్ల చేసి చల్లింది. పైన గోనెపట్టా కప్పి చెంబుతో నీళ్ళు చిలకరించింది. బోరు నీళ్ళే. వేరే నీళ్ళు తాగడానికి తెచ్చే క్యాన్లలో తప్ప ఎక్కడున్నాయి?

మిగిలిందంతా మేడమీద దుప్పట్లు పరిచి ఆరబోసింది. ఆ రోజు కొండవాళ్ళని సముద్రం చూపించడానికి తీసుకెళ్ళారు. సాయంత్రానికి తెల్లతోకలన్నీ గోధుమరంగు పోగులయ్యాయి.

గురువారం వంటింటి తలుపు వేసుకుని వేయించింది. ఇనప మూకుట్లో నాలుగేసి గుప్పిళ్ళు పోసి, సన్నటి సెగమీద చెక్కగరిటెతో ఆపకుండా కలపాలి. ఆపితే మాడుతుంది. మొదట పచ్చివాసన, తర్వాత తడిమన్ను వాసన, చివరికి కమ్మగా, వేరుశెనగ పొట్టు కాలినట్టు. ఆ వాసన ఇల్లంతా పాకింది. పైన పాఠం వింటున్నవాళ్ళకి తెలియకుండా ఉంటుందా అనుకుంది. తలుపు ఎవరో తట్టారు. ఆమె తీయలేదు.

"సెల్లీ" అని బయటినుంచి బుద్రి గొంతు. "కూరలేటైనా ఉన్నాయేటి తరగడానికి?"

"లేవక్కా. అయిపోయాయి."

కాసేపటికి అడుగులు వెళ్ళిపోయాయి. సరోజ కలుపుతూనే ఉంది. మణికట్టు లాగేస్తోంది. పదహారు వాయిలు అయ్యాయి. మధ్యాహ్నం రిక్షాలో పిండిమరకి తీసుకెళ్ళి ఆడించుకొచ్చింది. వేడిపిండి జల్లించి, యాలకులపొడి కలిపి, వినోద్ తెచ్చిన రంగుల కవర్లలోకి ఎత్తింది. కవర్ల మీద ఒక కొండ బొమ్మ, దాని ముందు నవ్వుతున్న పిల్ల.

శుక్రవారం పొద్దున తూము దగ్గరికి వెళ్ళి గోనె ఎత్తి చూసింది. మన్ను మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. మొలకలు నల్లటి నూలుపోగుల్లా మన్నుకి అతుక్కుపోయి ఉన్నాయి. గోనె దులిపి గోడమీద ఆరేసింది.

పదకొండింటికి అతిథులు వచ్చారు. ఇద్దరు తెల్లవాళ్ళు, వాళ్ళ మాటలు తెలుగులో చెప్పడానికి హైదరాబాదు నుంచి ఒకమ్మాయి. హాల్లో ముందు బల్లమీద బుద్రి సొరబుర్రలు రెండూ పెట్టారు. మూతులకి కొత్త ఎర్రగుడ్డ కట్టి, పక్కన ఇంగ్లీషులో అట్టముక్క నిలబెట్టారు. కొండవాళ్ళకి తలపాగాలు చుట్టి మొదటి వరసలో కూర్చోబెట్టారు. సరోజ బెల్లం వేసి కాచిన మాల్టుని స్టీలు గ్లాసుల్లో పోసి పళ్ళెంలో పట్టుకొచ్చింది.

ప్రకాశం గారు మైకు తీసుకున్నాడు. "మొదటి గ్లాసు ఈ పంటని కాపాడిన తల్లికి."

తెల్లాయన లేచి స్వయంగా గ్లాసు తీసి బుద్రి చేతిలో పెట్టాడు. ఫోటోలు తీశారు. బుద్రి రెండు చేతులా పట్టుకుని ఒక గుక్క తాగింది. ఆగింది. నాలుకతో పళ్ళు తడుముకుంది. ఇంకో గుక్క తాగింది. గ్లాసు వంచి అడుగున మిగిలిన మడ్డిని చూసింది. దాన్ని వేలితో తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది.

"ఇంకో గళాసు" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. హైదరాబాదు అమ్మాయి అదేంటో చెప్తే తెల్లామె గుండెమీద చెయ్యి వేసుకుని నవ్వింది. సరోజ ఇంకో గ్లాసు ఇచ్చింది. బుద్రి రెండో గ్లాసు కూడా చివరిదాకా తాగింది. మూతి తుడుచుకోకుండానే లేచి, నడుచుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళి ఒక సొరబుర్ర ఎత్తింది. దాని బరువుకి తగ్గట్టు చేతులు బిగించి ఎత్తింది కాబోలు, బుర్ర ఒక్కసారిగా ఛాతీ దాకా ఎగిరింది. రెండోదాన్ని ఎత్తలేదు. వేలితో ముట్టుకుంటే అదే పక్కకి ఒరిగింది.

"అమ్మకి తన బుర్ర పట్టుకుని ఫోటో కావాలంట" అన్నాడు వినోద్ గబగబా. కెమెరాలు మళ్ళీ మెరిశాయి.

అతిథుల భోజనాలు పక్కగదిలో, ఏసీలో. అవి జరుగుతుండగా వినోద్ వంటింట్లోకి వచ్చాడు. చొక్కా చంకల్లో తడిసిపోయి ఉంది.

"అక్కా, ఆవిడ కింద మెట్లమీద కూర్చుంది. లేవట్లేదు. మిగతా వాళ్ళు కూడా చుట్టూ చేరారు. గెస్టులు బయటికొచ్చేలోపు ఏదోటి చెప్పాలి. నువ్వు పొరపాటున వేరే బేసిను అనుకుని తీసుకున్నావని చెప్పు. అంతే. సారు చెప్పమన్నారు."

"నేను తీసుకోలేదు కదా బాబూ. నువ్వేగా తెచ్చింది."

"తెలుసక్కా." అతను నేలవైపు చూశాడు. "గెస్టులు ఇవాళ ఒప్పుకుంటేనే వాళ్ళ ఊరికి ఊటనీళ్ళ పైపు వస్తుంది. గొడవైతే అదీ పోద్ది. ఇది వాళ్ళ మంచికే. పైగా జెస్సీ..."

"ఆ పేరు ఎత్తకు" అంది సరోజ.

చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని బయటికి వచ్చింది. మెట్లమీద బుద్రి ఒళ్ళో ఖాళీ బుర్ర. మిగతా పదిమందీ నిలబడి ఉన్నారు. ప్రకాశం గారు వాళ్ళకి కాస్త ఎడంగా, ఎవరో చనిపోయిన ఇంటికి వచ్చినవాడిలా చేతులు కట్టుకుని ఉన్నాడు.

"నేనేనక్కా" అంది సరోజ. "స్టోర్లోవి అనుకున్నాను. చూసుకోలేదు. పొరపాటైంది." దణ్ణం పెట్టింది.

బుద్రి ఆమె మొహం చూడలేదు. జోడించిన చేతుల్ని చూసింది. వేలిమొనలు మూకుడు సెగకి పొక్కి ఉన్నాయి.

"తెలీక సేసినావా?"

"తెలియకేనక్కా."

గుంపులో ఒకాయన వాళ్ళ భాషలో గట్టిగా ఏదో అని ముందుకొచ్చాడు. ఇంకొకామె సరోజ కాళ్ళ ముందు ఉమ్మింది. బుద్రి చెయ్యెత్తి వాళ్ళని ఆపింది. "తెలీదంటున్నాది గదా" అంది. లేచి హాల్లోకి వెళ్ళింది. సాయంత్రం తెల్లాయన చేతుల మీదుగా పదకొండుమందికీ కంపెనీ విత్తనాల ప్యాకెట్లు ఇచ్చారు. బుద్రి కూడా వరసలో నిలబడి తీసుకుంది.

అతిథుల కారు వెళ్ళాక ప్రకాశం గారు సరోజని పిలిచి, వారం సెలవు తీసుకోమన్నాడు. జీతం కోయనన్నాడు. ఆమె అయిదింటి బస్సుకి రేపల్లె వెళ్ళిపోయింది.

ఇంట్లో ఆమె భర్త లూకా వల అల్లే సూది పక్కనపెట్టి "ఏంటి, మధ్యలో వచ్చేశావ్?" అన్నాడు. ఒంట్లో బాగాలేదంది. తెనాలి నుంచి జెస్సీ ఫోను చేసింది. "అమ్మా, ప్రకాశం సారు నాతో మాట్లాడారు. పర్మినెంటు లెటరు సోమవారం ఇస్తామన్నారు. నువ్వు చాలా మంచిదానివన్నారమ్మా." సరోజ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని "సంతోషం" అంది. ఆ పూట అన్నం కలిపి కంచం పక్కన పెట్టేసింది.

శనివారం కొండవాళ్ళు తెనాలిలో పదింటి రైలెక్కుతారని ఆమెకి తెలుసు. లూకాతో చెప్పకుండా రేపల్లె నుంచి పొద్దుటి ప్యాసింజరు ఎక్కింది. దారి పొడవునా చెప్పాల్సిన మాటలు పేర్చుకుంది. నేను కాదక్కా, వాళ్ళు చెప్పించారు. కూతురి ఉద్యోగం కోసం చెప్పాను. మీరు పోలీసులకైనా చెప్పండి, పేపరువాళ్ళకైనా చెప్పండి, నేను సాక్షిగా వస్తాను. ఈ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. మళ్ళీ మొదటినుంచి పేర్చుకునేది. తెనాలిలో దిగేసరికి మాటలన్నీ వరసకి వచ్చాయి.

మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద వాళ్ళు కింద కూర్చుని ఉన్నారు. వినోద్ టీ కొట్టు దగ్గర ఫోనులో మాట్లాడుతున్నాడు. బుద్రి ఒక్కతీ కాస్త పక్కగా, కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది. సరోజ ఆమె పక్కన నిలబడి, గొంతు తగ్గించి, అంతా చెప్పింది. పేర్చుకున్న వరస తప్పింది. సాక్షిగా వస్తానన్న మాట మాత్రం మర్చిపోకుండా చెప్పింది.

బుద్రి కుళాయి కట్టేసింది.

"తెలుసు" అంది.

"వాళ్ళే చేయించారని తెలుసా?"

"బేసిను ఎవులు మోసినారో, ఎవులు మోయమన్నారో తెలీదేటి? నీకు తెలుసనీ తెలుసు. మంగళోరం నల్లగుంటాయని నాను సెప్తే నువ్వు తలూపినావు. మూడోనాడు తలుపేసుకున్నావు."

పక్క పట్టాలమీద గూడ్సుబండి పోతోంది. అది పోయేదాకా ఇద్దరూ నిలబడ్డారు.

"నిన్న మరి నన్ను ఎందుకు... మీవాళ్ళని ఆపారెందుకక్కా?"

"పైపు రావాల. ఊట అడుగంటిపోనాది. రెండు కొండలు దిగి నీళ్ళు తెస్తన్నాం." బుద్రి చీర కొసతో మొహం తుడుచుకుంది. "సారు సేసినాడని ఊళ్ళో సెప్తే మావోళ్ళు ఊరుకోరు. ఆ మనుసుల్ని కొండ ఎక్కనివ్వరు. ఇత్తనం పోనాది, నీళ్ళూ పోతాయి. అందుకని నిన్న సాయంత్రం వినోదు ఫోను అడిగి ఊరికి సెప్పీసినాను. వంటమనిషి వండీసినాదని."

"చెప్పేశారా?"

"సెప్పాను. ఏడ్సినారు. తిడుతున్నారు. పద్నాలుగిళ్ళూ తిడతాయి. ఈ ఏడే కాదు, చోడికోత వచ్చినప్పుడల్లా తిడతాయి. నాను ఆపను." ఆ గొంతులో కోపం లేదు. ఏ చేనుకి ఎవరు కాపలా పడుకోవాలో చెప్తున్నట్టుంది. "నువ్విప్పుడు సాచ్చికం అనీ పోలీసనీ లెగిత్తే నాను అబద్ధం ఆడినట్టవుతాది. నీకు పాపం పోవాలని ఉంటే సర్చీలో సెప్పుకో. మా మీద పెట్టకు."

రైలు వస్తోందని మైకులో చెప్పారు. కొండవాళ్ళు మూటలు నెత్తికెత్తుకుంటున్నారు. సరోజని చూసి వాళ్ళల్లో ఒకామె మొహం తిప్పుకుంది. వినోద్ చూసి, టీ గ్లాసు పెట్టేసి ఇటు రాబోయి, ఆగిపోయాడు.

రైలు ఆగింది. తోసుకుంటూ ఎక్కారు. బుద్రి ఖాళీ బుర్రలు మెడలో వేసుకుని చివర ఎక్కింది. సరోజ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది, ఎందుకో తెలియకుండానే. బుద్రి ఊచల్లోంచి చూసింది.

"నీ పేరేటి?"

"సరోజ."

"సరోజ అని తెలుసు. మీ కాడ సరోజలు శానామంది ఉంటారు గదా. ఎవుల్ని తిట్టాలని ఊళ్ళో అడుగుతారు. ఇంటి పేరు సెప్పు."

సరోజ పక్కకి చూసింది. ప్లాట్‌ఫారం మీద ఎవరి తొందర వాళ్ళది. పెదాలు తడుపుకుంది.

"దారా" అంది. "దారా సరోజ."

"ఊరు?"

"రేపల్లె."

రైలు కదిలింది. బుద్రికి చదువు రాదు. ఊచలు పట్టుకుని, మర్చిపోకుండా ఉండటానికి, పెదాలతో మెల్లగా అప్పజెప్పుకుంటోంది. దారా సరోజ, రేపల్లె. దారా సరోజ, రేపల్లె. ఎక్కడో తప్పు పలికినట్టు అనిపించి, సరోజ రైలు వెంట నాలుగడుగులు పరిగెత్తి, గట్టిగా మరోసారి చెప్పింది.